లింగవ్వ చేతి తూకం

బోధన్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లలో లింగవ్వ చేతి సంగతి తెలియనివాళ్లు లేరు. పిడికెడు తంబాకు తీసి చేటలో పోస్తే అది ఎన్ని బీడీలకు వస్తుందో చెప్పేది, చెప్పినన్నే అయ్యేవి. చుట్టిన బీడీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి దొర్లిస్తే చాలు, లోపల పొడి తక్కువైందో ఎక్కువైందో తెలిసిపోయేది. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే టేకేదారు బాపురావు ఎవరి కట్ట విప్పినా ముక్కు చిట్లించే రకం. అలాంటివాడు ముప్పై ఏళ్లలో లింగవ్వ కట్ట ఒక్కటి కూడా పక్కకు పడేయలేదు. ఈ మాట లింగవ్వ అడిగితేనే చెప్పేది. కాకపోతే అడిగేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు.

ఇంతటి చేతిని లెక్కచేయనిది ఊళ్లో ఒక్కటే, రేషన్ దుకాణంలోని మిషన్. బీడీ ఆకు మీద రాచుకుని రాచుకుని ఆమె బొటనవేలి గీతలు పూర్తిగా అరిగిపోయాయి. వేలు పెట్టిన ప్రతిసారీ మిషన్ ఎర్ర లైటు వేసి కుయ్యిమనేది. డీలరు గుడ్డతో తుడుచుకోమనేవాడు, ఇంకోవేలు పెట్టమనేవాడు, చివరికి ఇంట్లో ఇంకెవరైనా ఉంటే పంపమనేవాడు. వరుసలో ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. లింగవ్వ ఖాళీ సంచీతో ఇంటికొచ్చి కూతురు రోజాను పంపేది. ఆ పూట ఇంట్లో గిన్నెల చప్పుడు కాస్త గట్టిగా వినిపించేది.

రోజా ఆమెకు ఒక్కతే కూతురు. తండ్రి ఆత్మారాం చెరకు కొట్టే కాలమంతా ట్రాక్టర్ మీదే బతుకుతాడు కాబట్టి, ఇంట్లో పెద్దా చిన్నా ఈ ఇద్దరే. ఎమ్మెస్సీ చదివి, నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రిలో మందుల మీద పరిశోధన చేసే విభాగంలో రోజాకు ఏడాది కింద నౌకరి దొరికింది. రోజూ పొద్దున బస్సెక్కి పోతుంది, దీపాలు పెట్టేవేళకు వస్తుంది. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, లింగవ్వ ముద్దు అంతటితో ఆగలేదు. కూరగాయల దుకాణం దగ్గర, దవాఖానా వరుసలో, ఆఖరికి బాపురావు ముందు కూడా "మా రోజా పరిశోధన చేస్తది" అని చెప్పేది. ఏం పరిశోధన అని ఎవరైనా అడిగితే మాత్రం, "గది మీకు సమజ్ కాదు తియ్యి" అని మాట మార్చేది. ఆమెకూ అంత సమజైంది కాదు మరి.

ఆ పరిశోధన తమ వాడకే వచ్చినప్పుడు లింగవ్వ ఆనందానికి హద్దు లేదు. బీడీలు చుట్టేవాళ్ల వేళ్ల కీళ్ల నొప్పులకు ఒక కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చాలి. జిల్లాలో ఆరుచోట్ల రెండు వందల మందిని ఎంచుకున్నారు, వాళ్లలో ఇరవై ఇద్దరు లింగవ్వ వాడవాళ్లే. ఈ పరిశోధన నడిపే డాక్టర్ రజిని గారు నిజామాబాద్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. మెథడిస్టు చర్చిలో పాటలు పాడినంత నిదానంగా, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. సగం మందికి లోపల మందు పొడి నింపిన గొట్టం గోలీలు వస్తాయి, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్త పిండి గోలీలు వస్తాయి. ఎవరికి ఏది వచ్చిందో తీసుకునేవాళ్లకు తెలియదు, ఇచ్చే రోజాకు తెలియదు, డాక్టరుకే తెలియదు. ఆ జాబితా హైదరాబాద్‌లో సీలు వేసి ఉంటుంది. పక్కింటి భూమవ్వ లేచి, మరి పిండి వచ్చినవాళ్ల గతేమిటని అడిగింది. మందు మంచిదని తేలితే చివర్లో వాళ్లకూ ఊరికే ఇస్తామని డాక్టరు చెప్పింది. అందరూ కాగితాల మీద సంతకాలో వేలిముద్రలో వేశారు.

లింగవ్వ కూడా బొటనవేలు చాపింది. పరిశోధన నడిపేవాళ్ల తల్లి అందులో ఉండకూడదని రోజా మెల్లగా చెప్పింది. లింగవ్వ రెండు రోజులు కూతురితో సరిగా మాట్లాడలేదు. తన వేళ్లేమైనా అరువు తెచ్చుకున్నవా, వాటికి నొప్పి ఉండదా అని గోడతో చెప్పుకుంది.

సీసాలు పంచిన మర్నాడు, రోజా బస్సెక్కి పోయాక, అందరూ ఎప్పటిలాగే లింగవ్వ అరుగు మీద చేటలు పెట్టుకుని కూర్చున్నారు. భూమవ్వ తన సీసా తెచ్చి, ఇది మందేనా చూడమంది. లింగవ్వ ఒక గోలీ తీసి రెండు వేళ్ల మధ్య దొర్లించింది. తర్వాత గంగవ్వ సీసాలోంచి ఒకటి తీసి దొర్లించింది. మళ్లీ భూమవ్వది తీసుకుంది. పైకి రెండూ ఒకటే పసుపు రంగు, ఒకటే పొడవు. కానీ ఒకదానిలో పొడి కదలకుండా బిగిసి ఉంది, రెండోదానిలో వెంట్రుకవాసి జరుగుతోంది. బరువులోనూ ఏదో తేడా. మధ్యాహ్నం చాయ్ వేళకు ఇరవై రెండు సీసాలనూ ఆమె రెండు వరుసలు చేసింది. నిండు గోలీలు పదకొండు మందికి, వదులు గోలీలు పదకొండు మందికి. నిండుదే మందై ఉంటుందని అందరూ తీర్మానించేశారు. భూమవ్వవి వదులువి. ఆమె మొహం చిన్నబోయింది.

ఇలాంటి వాటికి ఆ వాడలో ఎప్పటి నుంచో ఒక పద్ధతి ఉంది. కార్ఖానా నుంచి తునికాకు వచ్చినప్పుడు ఒకరికి లేత ఆకు, ఇంకొకరికి చిల్లుల ఆకు వస్తుంది. అప్పుడు అందరి ఆకూ ఒకచోట కుప్ప పోసి, బాగా కలిపి, సమానంగా పంచుకుంటారు. నష్టం ఒక్కరి నెత్తిన పడనివ్వరు. లింగవ్వ తన పెద్ద చేటను ముందుకు లాగి, ఇరవై రెండు సీసాలూ అందులో గుమ్మరించింది. చేత్తో కలిపి, లెక్కపెట్టి, ఎవరి సీసాలో ఎన్ని ఉండాలో అన్నీ తిరిగి నింపింది. అన్యాయం ఒకటి సరిచేశామన్న తృప్తితో ఆ రోజు చాయ్‌లో చక్కెర కూడా ఓ చెంచా ఎక్కువే పడింది. ఇది రోజాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఇందులో చెప్పడానికేముంది? ఆకు కలుపుకున్నామని కార్ఖానాకు ఎప్పుడైనా చెప్పారా?

నెలనెలా కొత్త సీసాలు రాగానే అలాగే కలుపుకుంటూ నాలుగు నెలలు నడిచింది. రోజా నెలనెలా వచ్చి, మిగిలిన గోలీలు లెక్కపెట్టి, నొప్పి పదికి ఎంత ఉందో అడిగి రాసుకునేది. లెక్కలన్నీ సరిపోయేవి.

నాలుగో నెల చివర ఒక సాయంత్రం రోజా అన్నం ముందు కూర్చుని కూడా కాగితాలు తిరగేస్తోంది. డాక్టరమ్మకు ఒక సంగతి అంతుపట్టడం లేదని చెప్పింది. మిగతా ఐదుచోట్లా కొందరికి నొప్పి బాగా తగ్గింది, కొందరికి అసలు తగ్గలేదు. తమ వాడలో మాత్రం అందరికీ ఒక్క తీరుగా, అంతో ఇంతో తగ్గింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. అందరికీ తగ్గితే మంచిదే కదా అంది లింగవ్వ.

రోజా నవ్వింది. "అవ్వా, గిట్ల అనుకో. కొత్త ఆకు మంచిదా, పాత ఆకు మంచిదా సూడాలె. కొన్ని బీడీలు దీనితోని, కొన్ని దానితోని చుడుతవు. ఏవి పలుగుతున్నయో చూస్తవు. రెండాకులు ముందుగాల్నే ఒక్క చాటల కలిపేస్తే, పలిగింది ఏ ఆకని చెప్తవు?"

కూర వడ్డిస్తున్న లింగవ్వ చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. ఆకుతో చెప్పేసరికి నాలుగు నెలల పరిశోధన ఆమెకు ఒక్క నిమిషంలో సమజైంది. తాను ఏం చేసిందో కూడా దానితోపాటే సమజైంది. కూతురి మొదటి నౌకరి, రాత్రీ పగలూ అనకుండా రాసుకున్న ఆ కాగితాలన్నీ తన చేటలో కలిసిపోయాయి. కూర ఉప్పగా ఉందా అని రోజా అడిగితే, లేదని తల ఊపింది. తాను ఇంకా ముద్ద నోట్లో పెట్టనేలేదు.

మర్నాడు పొద్దున అరుగు మీద సంగతి చెప్పింది. అందరి చేతులూ ఆగాయి. భూమవ్వే ముందు తేరుకుంది. అయిందేదో అయింది, ఈ నెల నుంచి కలపొద్దు, నోరు మూసుకుంటే పోలా అంది. చెప్తే ముందు పోయేది రోజా నౌకరే కదా అని కూడా అంది. ఆ మాటకు మిగతావాళ్లు తలలూపారు. అందులో కుట్ర ఏమీ లేదు. ఆ పిల్లను వాళ్లు కళ్ల ముందు పెంచారు.

లింగవ్వకు తాను కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. వంకర బీడీలు పారేయకుండా కట్ట నడుమ పెట్టి, చుట్టూ మంచివి పేర్చి దారం కట్టడం అప్పట్లో ఆడబిడ్డ నేర్పింది. పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. ఒకే ఒక్కసారి లింగవ్వ అలా కట్టింది. బాపురావు ఆ కట్ట విప్పలేదు, మంచివాటితో పాటే తీసుకున్నాడు. ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు. వంకర బీడీ మళ్లీ ఎన్నడూ నడుమ పెట్టలేదు. అందుకే ముప్పై ఏళ్లు ఆ కట్టలు విప్పినా విప్పకపోయినా ఒకటే. ఇప్పుడు అన్నిటికంటే పెద్ద కట్ట ముందుంది. అందులో నడుమ దాచమంటున్నది తన బిడ్డ పనిని.

చేట పక్కన పెట్టి, చీర మార్చుకుని, తొమ్మిది గంటల బస్సెక్కింది. దారిపొడుగునా చెరకు ట్రాక్టర్లు అడ్డం వస్తూనే ఉన్నాయి. ఆ బస్సు ఎప్పటికీ చేరకపోతే బాగుండునని ఒకసారి, తొందరగా చేరితే పీడ పోతుందని ఇంకోసారి అనుకుంది.

డాక్టర్ రజిని గారి గదిలో రోజా కూడా ఉంది. తల్లిని అక్కడ చూసి ఎవరికేమైందోనని లేచి నిలబడింది. లింగవ్వ కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది, ఎక్కడా తగ్గించలేదు. కలపమన్నది తానేనని, వాడవాళ్ల తప్పు లేదని, రోజాకు ఏమీ తెలియదని మూడుసార్లు చెప్పింది. డాక్టరు కోప్పడలేదు. కానీ గోలీలలో తేడా వేలికి తెలుస్తుందంటే నమ్మలేకపోయింది. ఈ గోలీలను మిషన్లు నింపుతాయి, చూసి పరీక్షించి పంపుతారు, చేత్తో ఎలా తెలుస్తుందని అడిగింది.

"నమ్మకుంటే పెట్టుండ్రి మేడం," అంది లింగవ్వ.

పెట్టారు. ఇంకా విప్పని పన్నెండు సీసాలు తెప్పించి, వాటి నంబర్లు కాగితం అంటించి మూసేశారు. ఒక్కో సీసాలోంచి ఒక్కో గోలీ తీసి పన్నెండు కప్పుల్లో వేశారు. లింగవ్వ కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ దొర్లించింది. ఏడు ఇటు పెట్టింది, ఐదు అటు పెట్టింది. ఆమెను బయటికి పంపి కప్పులు తారుమారు చేసి మళ్లీ పిలిచారు. మళ్లీ అవే ఏడు ఇటు, అవే ఐదు అటు. మూడోసారీ అంతే. అప్పుడు మందుల గదిలోంచి అద్దాల పెట్టెలో ఉండే చిన్న తక్కెడ తెచ్చారు. గోలీలను ఒక్కొక్కటిగా తూచారు. ఆ ఏడింటి బరువు ఒక తీరు, ఈ ఐదింటి బరువు ఇంకో తీరు. తక్కెడ చివరి అంకెల్లో పట్టుకున్న తేడాను లింగవ్వ వేళ్లు దానికంటే ముందే పట్టుకున్నాయి.

అప్పుడు డాక్టరు నిదానంగా చెప్పింది. ఇది ఒక్క వాడ సంగతి కాదు. చేత్తో పోల్చగలిగితే ఆరుచోట్లా ఎవరో ఒకరు పోల్చే ఉంటారు. తనది మందని తెలిసినవాళ్లకు నొప్పి తగ్గినట్టే అనిపిస్తుంది, పిండని తెలిసినవాళ్లకు తగ్గదు. రెండేళ్లు నడిపి, తేలినదాన్ని లోకానికి చెప్పాక ఇది బయటపడితే అదంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇప్పుడు ఆపాలి, పరిశోధనల మంచిచెడ్డలు చూసే కమిటీకి రాసి పంపాలి. ఎవరి బాధ్యత ఎంతో కూడా అందులో రాయాలి. ఆ చివరి మాట రోజా వైపు చూడకుండా చెప్పింది.

రాస్తానని రోజా కంప్యూటర్ ముందు కూర్చుంది. గోలీల లెక్క సరిపోతే చాలనుకున్నానని, ఎవరి సీసాలోవి వాళ్లే తీసుకుంటున్నారా అని ఒక్కసారైనా అడగలేదని, అది తన లోపమని మొట్టమొదటి పేరాలోనే రాసింది. పక్కన నిలబడ్డ తల్లికి చదివి వినిపించింది. లింగవ్వకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నీ నౌకరి పోతదా బిడ్డా?"

"పోతే పోతది అవ్వా," అంది రోజా. "నడుమ దాచిన కట్ట నేను కూడ ఇయ్య."

లింగవ్వ తన ఆడబిడ్డ కథ కూతురికి ఎప్పుడు చెప్పిందో ఆమెకే గుర్తులేదు. ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో రోజాకు గుర్తుంది. బోధన్ బస్సులో లింగవ్వ కిటికీ పక్కన కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది దుఃఖం ఒక్కటే కాదు. నౌకరి పోయినా ఫికర్ లేదు, ఈ పిల్ల తన పిల్లే అనుకుంది.

రెండు నెలలు ఏ సంగతీ తేలలేదు. భూమవ్వ అరుగు మీదికి వచ్చినప్పుడల్లా కమిటీవాళ్లను తనకు తెలిసిన తిట్లన్నీ తిట్టేది. ఆ తర్వాత ఉత్తరం వచ్చింది. అప్పటిదాకా రాసిన లెక్కలన్నీ పక్కన పెట్టి, కొత్త గోలీలు చేయించి, పరిశోధన మొదటి నుంచి నడపమన్నారు. తప్పును నడిపేవాళ్లే పట్టుకుని, తమ వంతు లోపంతో సహా రాశారు కాబట్టి, నడిపే మనుషులను మార్చనక్కర్లేదన్నారు. రోజా నౌకరి నిలబడింది. హైదరాబాద్‌లో సీలు విప్పి చూస్తే లింగవ్వ వేరుచేసిన పన్నెండూ పన్నెండే. కాకపోతే మందు ఉన్నవి వదులు గోలీలు, నిండువి ఉత్త పిండి. ఈ సంగతి విన్న రోజు, తనకు మొదట వచ్చింది మందేనని భూమవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని వాడంతా తిరిగింది.

కొత్త గోలీలు వచ్చాక డాక్టర్ రజిని గారు వాటిని నేరుగా పంచలేదు. వాటిని ముందు లింగవ్వ అరుగు మీదికి తీసుకురావాలని పరిశోధన నియమాల్లోనే కొత్తగా ఒక మాట రాయించింది. పొద్దున పది గంటలకు కారు దిగి, చెప్పులు విప్పి, చాప మీద కూర్చుంది. ఇరవై ఇద్దరూ వరుసగా గోలీలు దొర్లించి చూశారు. తేడా తెలియలేదన్నారు. చివర్న లింగవ్వ వచ్చింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, కళ్లు మూసుకుంది.

ఈసారి చాలాసేపు పట్టింది. మొదటిసారి ఆరు ఇటు ఆరు అటు పెట్టింది. రెండోసారి అవే గోలీలు నాలుగు ఇటు ఎనిమిది అటు అయ్యాయి. మూడోసారి సగంలోనే ఆగి కళ్లు తెరిచింది. ముప్పై ఏళ్లలో అలా ఆగడం ఎవరూ చూడలేదు.

"తెలుస్తలేదు," అంది లింగవ్వ. ఇంకో గోలీ దొర్లించి చూసి, కప్పులో వేసేసింది. "నా చెయ్యి ఓడింది మేడం. గివి పంచుండ్రి."

ఓడినవాళ్లు అంత సంబరంగా నవ్వడం ఆ వాడ అదివరకు చూడలేదు. ఇక మీదట ఎవరైనా గోలీలు కలిపితే వేళ్లు విరుస్తానని ఆమె ఇరవై ఇద్దరికీ అక్కడే చెప్పింది. భూమవ్వకు మాత్రం పేరు పెట్టి చెప్పింది.

రోజా సంచీలోంచి ఒక కాగితం తీసింది. గోలీలను పరీక్షించినవారు అన్నచోట తల్లి పేరు రాసింది. వృత్తి అన్నచోట బీడీ కార్మికురాలు అని రాసి, సిరా పెట్టె తెరిచి తల్లి ముందు పెట్టింది. లింగవ్వ చెయ్యి వెనక్కి లాక్కుంది. తన వేలికి గీతలు లేవు కదా, రేషన్ మిషనే తీసుకోదు, ఇంత పెద్ద కాగితం ఖరాబవుతుందేమోనని అంది. రోజా ఆ బొటనవేలిని తన చేతిలోకి తీసుకుని, సిరా అద్ది, కాగితం మీద మెల్లగా అదిమింది. గీత ఒక్కటీ పడలేదు. నున్నగా, గుండ్రంగా ఒక నీలం మచ్చ పడింది.

డాక్టరు ఆ మచ్చను చూసి, దాని పక్కనే సాక్షిగా తన సంతకం పెట్టింది.